చాబీ లేని రాజ్‌దూత్

ఆగండి. ఎక్కడికి పోతున్నారో తర్వాత పోదురు గానీ, ఒక్క నిమిషం బండి పక్కకు తీసి చెవులు పెట్టి వినండి. వినబడుతోందా? పానగల్లు దాటాక బొంతలపల్లి రోడ్డు మీద ధడ్ ధడ్ ధడ్‌మని వస్తోందే, అది ఇప్పటి బండి చప్పుడు కాదు. ఇరవై ఆరేళ్ళు బావి అడుగున బురదలో పడుకుని లేచొచ్చిన రాజ్‌దూత్ చప్పుడది. దాన్ని లేపింది గ్రేస్. పాత బండ్ల మీద మోజుతో లేపిందనుకుంటే మీరు పొరబడ్డట్టే. ఒక ముసలాయన దాన్ని కళ్ళారా చూడాలి, చెవులారా వినాలి, దాని పొగ పీల్చి దగ్గాలి. అందుకోసం లేపింది.

గ్రేస్‌కు ఇరవై ఆరేళ్ళు. హైదరాబాదు హాస్టల్లో ఉండి డిప్లొమా చదివి, ఇప్పుడు నల్లగొండలో ఒక ట్రాక్టర్ల షోరూములో స్పేర్ పార్టుల కౌంటర్ చూసుకుంటుంది. రోజూ బొంతలపల్లి నుంచి బస్సులో వచ్చిపోతుంది. నట్టు చూసి సైజు చెప్పేస్తుంది, బేరింగు చేతిలో ఆడించి అరిగిందో లేదో చెప్పేస్తుంది. కానీ పోయిన ఏప్రిల్ దాకా ఆమె ఒక్క మోటార్ సైకిలు కూడా విప్పలేదు. ఏప్రిల్లో ఏమైందంటే, ఊళ్ళో రైతు సాయిలు ఫోన్ చేశాడు.

"గ్రేసూ, మీ బాపు ఫోన్ లేపుతలేడు. జర తోల్కరా ఆయనను మా బాయికాడికి."

"ఏమైంది చిన్నాయినా?"

"పూడిక తీపిస్తున్న. ఒక వస్తువు బయటికెల్లింది. నేను చెప్తే నమ్మవుగానీ, నువ్వే వచ్చి చూడు."

సాయిలు రెండేళ్ళ కింద ఊరి పెద్ద శ్రీశైలం పటేల్ దగ్గర ఆ మెట్ట చెలక కొన్నాడు. అందులో ఎండిపోయిన బావి ఉంది. దాని పూడిక తీయడానికి క్రేన్ పెట్టించాడు. గ్రేస్ పోయేసరికి క్రేన్ కొక్కేనికి ఒక బండి వేలాడుతోంది. నల్లటి మట్టి కారుతోంది. చక్రాలు తుప్పుపట్టి జల్లెడైపోయాయి. పెట్రోలు ట్యాంకు చిల్లులు పడి తేనెపట్టులా ఉంది. కానీ ఇంజన్ ఉంది, ఫ్రేము ఉంది. గడ్డ మీద నలభై మంది జమయ్యారు. పూడిక తీస్తే బిందెలు దొరికినా కేకలు పెట్టే జనం, ఆ బండిని చూసి నేల చూపులు చూస్తున్నారు.

గ్రేస్ తండ్రి ఏసోబు కూడా కబురు విని అప్పుడే వచ్చాడు. బండిని ఒకసారి చూశాడు, వెనక్కి తిరిగాడు, వచ్చిన దారినే పోయాడు. చెప్పు తెగినట్టుంది, తెగిన చెప్పును ఈడ్చుకుంటూనే పోయాడు గానీ ఆగలేదు.

ఆ సాయంత్రం గ్రేస్ తల్లి జానమ్మను పట్టుకుంది. "అమ్మా, ఎవరిదది? నిజం చెప్పు."

జానమ్మ చాటలో బియ్యం ఏరుతోంది, తల ఎత్తలేదు. "మీ బాపుదే."

"బాపుకు బండెప్పుడున్నది?"

"నువ్వు పుట్టక ముందు. ఏడు నెలలున్నది."

అప్పుడు బయటపడింది కథ. తొంభై తొమ్మిదిలో ఏసోబు బావుల పనికి పోయేవాడు, రాయిలో డ్రిల్లు వేసి మందు పెట్టే పని. ఆ కష్టంతో రిటైరైన ఒక సారు దగ్గర పాత రాజ్‌దూత్ కొన్నాడు. దళితవాడలో మొదటి మోటార్ సైకిలు అదే. కానీ ఊరికి ఉన్నది ఒకటే రోడ్డు, ఆ రోడ్డు మీద శ్రీశైలం పటేల్ ఇల్లు. ఆ ఇంటి ముందు వాడవాళ్ళు సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాలి. గోడ మొదలైన చోట దిగాలి, గోడ అయిపోయాక ఎక్కాలి. ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు. మరి మోటార్ సైకిలైతే? ఏసోబు తనే ఆలోచించుకున్నాడు. గోడ మూల రాగానే చాబీ తిప్పి ఇంజన్ బంద్ చేసేవాడు, దిగేవాడు, అంత బరువు బండిని అరవై అడుగులు తోసేవాడు, అవతలి మూల దగ్గర మళ్ళీ కిక్ కొట్టేవాడు. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. ఏడు నెలలు.

"ఒకనాడు తెల్లారంగ నాకు నొప్పులొచ్చినయి," అంది జానమ్మ. "మీ బాపు నన్ను వెనక కూసవెట్టుకొని నల్లగొండ దవాఖానకు ఎల్లిండు. గోడ మూల కాడ ఆగుతడేమో అనుకున్న. ఆగలే. దిగి తోసుకుంట పోతే నువ్వు రోడ్డు మీదనే పుడుదువు."

"తర్వాత?"

"మూడోనాడు నిన్నెత్తుకొని ఇంటికొచ్చినం. పటేల్ మనిషిని తోలిండు. బండి తీస్కొని బాయికాడికి రమ్మన్నడు. ఊరంత వొచ్చింది. 'నీ ఇంజన్‌కు శాన చప్పుడొస్తాందంట గదరా ఏసోబుగా, తియ్యి, బంద్ జేద్దాం' అన్నడు. దాన్ని బాయిల తొయ్యనీకి ఎవ్వడు చెయ్యి పెట్టలే. 'నీ బండి నీ చేతితోనే తొయ్యిరా' అన్నడు. మీ బాపు తోసిండు."

 గ్రేస్ పుట్టినరోజు నాడు బాపు ఏ ఏడూ ఇంట్లో ఉండేవాడు కాదు. అమ్మ పాయసం చేసేది, బాపు పొద్దున్నే ఎటో పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. ఆడపిల్ల పుట్టిందని ఆయనకు మనసులో ఏదో ఉందేమో అని చిన్నప్పటి నుంచీ ఆమె కడుపులో దాచుకున్న మాట ఒకటుంది. ఇప్పుడు ఆ మాట పోయింది. దాని జాగాలోకి ఇంకోటి వచ్చి కూర్చుంది, నిప్పు లాంటిది.

ఒక సంగతి చెప్పాలి. ఇప్పుడు ఆ ఇంటి ముందు ఎవరూ దిగడం లేదు. ఇంటికో బండి వచ్చింది, ఆ పద్ధతి ఎప్పుడు పోయిందో కూడా ఎవరికీ గుర్తు లేదు. ఒక్క ఏసోబుకే అది పోలేదు. ఏసోబు మళ్ళీ బండి కొనలేదు, ఇంకొకరి బండి వెనక ఎక్కలేదు. నల్లగొండ పోవాలంటే ఆ గోడ తగలకుండా పొలాల గట్ల మీద చుట్టు తిరిగి పోతాడు. ఊరు మారింది కదా అని ఎవరైనా అంటే నవ్వుతాడు.

మరునాడే గ్రేస్ సాయిలు ట్రాక్టర్‌లో ఆ బండిని ఇంటికి తెచ్చింది. గుమ్మం పక్కన నీలం టార్పాలిన్ పరదా కట్టి దాని కింద దించింది.

ఏసోబు బయటికొచ్చాడు. "ఏందిది?"

"బాగుచేస్త."

"ఎక్కన్నన్న పారెయ్యి బిడ్డా."

"పారెయ్య. నడిపిస్త. ఆ ఇంటి ముంగటికెల్లి, ఇంజన్ చాలు ఉండంగ, నువ్వు నడుపుతుంటే నేను, అమ్మ వెనక కూసుంటం."

ఏసోబు కుర్చీని అటువైపు తిప్పుకుని పరదాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఐదు నెలలు అలాగే కూర్చున్నాడు.

ఇక పని మొదలైంది చూడండి! గ్రేస్ దగ్గర పెద్దగా డబ్బు లేదు, కొత్త సామాన్లు దొరికే బండి కూడా కాదు. ఆదివారాలు, పొద్దున గంట, సాయంత్రం గంట, అంతే టైము. నల్లగొండలో ఒకప్పుడు రాజ్‌దూత్‌ల మెకానిక్ గురవయ్య ఉండేవాడు, ఆయన్ను వెతికి పట్టుకుంది. డెబ్బై దాటాయి, చేతులు వణుకుతాయి.

"తాతా, ఒక్కసారి వచ్చి చూడు."

"నా చేతులు పనిజెయ్యవు బిడ్డా."

"నోరు పనిజేస్తదా?"

"దానికేం, అది మా ముసల్దాన్ని అడుగు."

అలా వచ్చాడు. స్టూలు మీద కూర్చుని చెప్పడం, గ్రేస్ చేయడం. పిస్టన్ తుప్పుపట్టి సిలిండర్‌కు అతుక్కుపోయింది. ప్లగ్గు రంధ్రంలోంచి కిరోసిన్, బ్రేకాయిలు కలిపి పోసింది. తొమ్మిది రోజులు పొద్దున పోయడం, సాయంత్రం చెక్క పెట్టి సుతారంగా కొట్టడం. "జోరుగ కొట్టకు, అది ఇరవై ఆరేండ్లు నిద్రపోయింది, మెల్లగ లేపాలె," అంటాడు గురవయ్య. పదో రోజు కిక్ అర అంగుళం దిగింది. జానమ్మ రెండు చేతులూ ఎత్తి "దేవునికి స్తోత్రం!" అని, అదే ఊపిరితో "ఆ పటేలు నోట్లె మన్నువడ!" అని కూడా అంది.

"అమ్మా, రెండు గలిపి అనొద్దు."

"ఎందుకనొద్దు? ఒకటి పైకి పోతది, ఒకటి కిందికి పోతది."

సిలిండర్‌ను నల్లగొండలో లేత్ మీద బోర్ చేయించింది. పిస్టన్, కార్బురేటర్, చక్రాలు, హెడ్‌లైట్ డోమ్, సొట్టలున్న ట్యాంకు హైదరాబాదులో గురువారాలు జరిగే పాతసామాన్ల సంత జుమ్మెరాత్ బజార్‌లో దొరికాయి. ఒకేసారి కాదు, నాలుగు గురువారాలు సెలవు పెట్టి తిరిగితే దొరికాయి. ట్యాంకును బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది, కండక్టర్ దానికి లగేజీ టికెట్ కొట్టాడు. వైరింగు గురవయ్య క్యాలెండర్ వెనక గీసిచ్చిన బొమ్మ చూసి తనే చేసింది. గుర్తుకురాని చోట గురవయ్య కళ్ళు మూసుకుని గాల్లో వైర్లు లాగి చూసుకునేవాడు. మిగిలిన ఇత్తడి, ఇనుప ముక్కలన్నీ జానమ్మ వంతు. పాత చింతపండు నానబెట్టి, పీచు పెట్టి, పళ్ళు కొరుకుతూ తోమేది. ఎవరి ముఖం అనుకుని తోమేదో అడగక్కర్లేదు.

గ్రేస్‌కు ప్రతి నట్టు దగ్గరా శ్రీశైలం పటేలే కనిపించేవాడు. స్పానర్ జారి వేళ్ళు చీరుకుపోతే ఆయన లెక్కలోనే వేసుకునేది. బస్సు ఆ ఇంటి ముందు నుంచి పోతుంటే కిటికీలోంచి చూసేది. అరుగు మీద కుర్చీ, తెల్ల ధోవతి, పేపరు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. చనిపోకు, ఇంకో రెండు నెలలు చనిపోకు, అనుకునేది. ఎవరి ఆయుష్షు కోసమూ ఆమె అంత గట్టిగా కోరుకోలేదు.

సెప్టెంబరులో ఒక శనివారం సాయంత్రం కిక్ కొట్టింది. ముప్పై సార్లు కొట్టింది. ముప్పై ఒకటోసారి ఇంజన్ దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆ తర్వాత అందుకుంది. వాడ మొత్తం తెల్లటి పొగ. పిల్లలు చప్పట్లు, కుక్కలు పరుగులు. గురవయ్య స్టూలు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ పొగ కళ్ళల్లో పడిందన్నాడు.

ఏసోబు కుర్చీ కిర్రుమంది. లేచాడు. ఐదు నెలల తర్వాత ఇటు తిరిగాడు. బండి దగ్గరికొచ్చి తల పక్కకు వంచి విన్నాడు.

"పాయింట్ల గ్యాపు ఎక్కువుంది," అన్నాడు.

గ్రేస్ స్క్రూడ్రైవర్ అందించింది. ఆయన కిందికి వంగి, చెవి ఆనించి, పావు తిప్పు తిప్పాడు. చప్పుడు కుదురుకుంది. కాసేపు ఆ చప్పుడునే వింటూ నిలబడ్డాడు. తర్వాత అన్నాడు, "రేపు పొద్దుగాల నేనే నడుపుత."

ఆ రాత్రి గ్రేస్‌కు నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా!

ఆదివారం ప్రార్థన అయిపోయింది. ఏసోబు తెల్లచొక్కా, ముందు. వెనక గ్రేస్, ఆ వెనక జానమ్మ కొత్త చీరలో. వాడ కుర్రాళ్ళు పదిమంది వెనకాల నడుస్తున్నారు. రోడ్డెక్కారు. గోడ మూల వస్తోంది. అరుగు మీద కుర్చీ ఉంది, కుర్చీలో ఆయన ఉన్నాడు, చేతిలో పేపరు ఉంది. గ్రేస్ కళ్ళు ఆ పేపరు మీదే ఉన్నాయి. ఇప్పుడు చూస్తాడు. ఇప్పుడు తల ఎత్తుతాడు.

ఇంజన్ ఆగిపోయింది.

పెట్రోలు అనుకుంది గ్రేస్. పెట్రోలు కాదు. బాపు చేయి హెడ్‌లైట్ మీది చాబీ తిప్పి ఇంకా అక్కడే ఉంది. ఆయన దిగిపోయాడు. తల వంచుకుని, ఒక చేయి హ్యాండిల్ మీద, ఒక చేయి సీటు మీద, బండిని తోస్తున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ కూడా దిగింది! కొంగు సర్దుకుని, రోడ్డు పక్కకు జరిగి, చప్పుడు లేకుండా నడుస్తోంది. బండి మీద గ్రేస్ ఒక్కతే మిగిలింది. తన సొంత తండ్రి తనను తోసుకుంటూ శ్రీశైలం పటేల్ ఇంటి ముందు నుంచి తీసుకుపోతున్నాడు.

పేపరు కిందికి దిగింది.

"శెభాష్ ఏసోబూ," అన్నాడు పటేల్. "మర్యాద మర్చిపోలే."

పేపరు మళ్ళీ పైకి లేచింది.

గోడ అయిపోయాక గానీ ఏసోబుకు తాను ఏం చేశాడో తెలియలేదు. నిలబడి తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, అది వేరే ఎవరిదో అయినట్టు. "నేను తిప్పలే బిడ్డా. అదే తిప్పింది," అన్నాడు. జానమ్మ రోడ్డు మీద కూర్చుని ఏడ్చింది. కుర్రాళ్ళు ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకున్నారు.

గ్రేస్ ఏడవలేదు. ఇంటికొచ్చి టూల్స్ డబ్బా తెరిచింది. హెడ్‌లైట్ డోమ్ విప్పి చాబీ స్విచ్చును మొత్తం పీకేసింది. దానికి వచ్చే వైర్లను నేరుగా కలిపి టేపు చుట్టింది. స్విచ్చు ఉన్న రంధ్రాన్ని పౌడర్ డబ్బా మూతతో మూసి రివెట్ కొట్టింది. ఇప్పుడు ఇంజన్ మొదలైతే ఆపే చాబీయే లేదు. గేరులో ఉంచి క్లచ్ వదిలి చంపాలి, లేదంటే ప్లగ్గు వైరు గుంజాలి.

గురవయ్యకు ఫోన్ చేసి చెప్పింది. 

"బ్యాటరీ వైరు తీసి పెట్టు దిగినంక, లేకుంటే కాయిల్ కాలుతది," అన్నాడు ఆయన. "ఇంకోటి బిడ్డా. నలభై ఏండ్లు మెకానిక్ పని చేసిన. గిసొంటి రిపేరు నాకు తట్టలే."

సోమవారం పొద్దున ఆరున్నర. మళ్ళీ ముగ్గురు. ఈసారి కుర్రాళ్ళెవరూ రాలేదు, గోడల మీంచి మాత్రం చూస్తున్నారు. గోడ మూల వచ్చింది. గ్రేస్ బాపు భుజం మీంచి చూస్తూనే ఉంది. చేయి లేచింది. నిజంగా లేచింది! హ్యాండిల్ వదిలి హెడ్‌లైట్ మీదికి పోయింది, పౌడర్ డబ్బా మూతను తడిమింది, రెండు వేళ్ళతో గాలిని తిప్పింది. ఇంజన్ ధడ్ ధడ్‌మంటూనే ఉంది. ఇంకోసారి తిప్పింది. ఆగలేదు. ఆ చేయి ఏం చేయాలో తెలియక ఒక్క క్షణం గాల్లో ఉండి, మెల్లగా వెనక్కి వచ్చి యాక్సిలరేటర్ పట్టుకుంది.

అరవై అడుగులు. అరుగు. కుర్చీ. పేపరు. అన్నీ పక్కనుంచి పోయాయి.

గోడ అయిపోగానే ఏసోబు గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. నవ్వో ఏడుపో గ్రేస్‌కు తెలియలేదు. ఆయన బండి తిప్పాడు. మళ్ళీ పోయాడు. మళ్ళీ తిప్పాడు. మూడోసారి పోయేటప్పటికి శ్రీశైలం పటేల్ చేతికర్ర పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. ఏసోబు బండి ఆపాడు. ఇంజన్ మాత్రం ఆగలేదు.

"బంద్ జెయ్యి," అన్నాడు పటేల్.

"బంద్ కాదు పటేలా."

"ఏందిరా? బంద్ జెయ్యమంటున్న!"

"చాబీ లేదు పటేలా. మీరే చూడుండ్రి." ఏసోబు మొహంలో ఏ పాపమూ లేదు. పక్కకు ఒరిగి హెడ్‌లైట్ చూపించాడు కూడా. ఉన్నమాటే కదా చెప్పాడు!

పటేల్ వంగి చూశాడు. పౌడర్ డబ్బా మూత. మూత మీద గులాబీ పువ్వు బొమ్మ. ఎవరో గోడ వెనకాల కిసుక్కున నవ్వారు.

"జర పక్కకు జరుగుండ్రి పటేలా," అంది వెనక నుంచి జానమ్మ, "పొగొస్తది. ధోతి ఖరాబైతది."

జరిగాడు. పొగ వచ్చింది. ధోవతి ఖరాబైంది.

ఆ రోజు నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. బాపుకు వీలుకాకపోతే గ్రేస్ నడిపేది. వాడ పిల్లలు పటేల్ ఇంటి ముందు సైకిళ్ళ మీద పోతూ నోటితో ధడ్ ధడ్ అని చప్పుడు చేసేవాళ్ళు, "బంద్ కాదు పటేలా" అని అరిచేవాళ్ళు. ముందు కుర్చీ అరుగు మీంచి లోపలికి పోయింది. తర్వాత తలుపు పడింది. తర్వాత కిటికీ. గ్రేస్‌కు ఇంకా చాల్లేదు. ఎంత పొగ పోసినా ఆ బావి నిండదు అనిపించేది ఆమెకు.

నెల తర్వాత ఒక సాయంత్రం పటేల్ మనవడు రిత్విక్ వాడకు వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళు, మెత్తటి మనిషి. సర్పంచ్ ఎలక్షన్లు వస్తున్నాయి, నిలబడాలని ఆశ. వాడ ఓట్లు లేకుండా గెలవడం కాని పని. వచ్చి ముందు బండి చుట్టూ తిరిగాడు.

"అక్కా, ఇంజన్ నువ్వే ఓపెన్ చేసినవా? నిజంగ సూపర్ చేసినవక్కా."

"ఏం పని మీద వచ్చినవో చెప్పు."

"తాత అన్నం సరిగ తింటలేడక్కా. మీరు ముగ్గురు ఒకసారి ఇంటికి రమ్మన్నడు. కుర్చీల కూసొని చాయ్ తాగి పోదురంట. గా సంగతి నేను పుట్టకముందు అయింది, నాకేం తెలుసు చెప్పు?"

"నాకు తెలుసు. నేను పుట్టినందుకే అయింది," అంది గ్రేస్.

జానమ్మ లోపలి నుంచి వచ్చింది. "చాయా? మా ఇంట్ల చాయ్‌పత్తి అయిపోయిందని ఎవలన్న చెప్పిన్రా మీ తాతకు?"

"మరి ఏం చెయ్యమంటవు పెద్దమ్మా?"

"తొయ్యమను."

"ఏంది?"

"గీ బండిని. ఇంజన్ బంద్ జేసి, గోడ మొదలుకాడికెల్లి చివరిదాక. మా ఆయన మీద కూసుంటడు, మీ తాత తోస్తడు. పో, చెప్పు."

రిత్విక్ నవ్వబోయాడు. ముగ్గురి ముఖాలు చూసి మానేశాడు.

ఇక రాడనుకున్నారు. మూడో రోజు సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే వచ్చాడు. చెమటలు పట్టి ఉన్నాడు.

"తాత ఒప్పుకున్నడు," అన్నాడు.

జానమ్మ చేతిలోని గిన్నె కింద పడింది.

"తోస్తడంట. కానీ రేపు తెల్లారంగ ఐదింటికి. మీరు ముగ్గురు, మేమిద్దరం. ఇంకెవ్వరు ఉండొద్దు. ఫోన్లు వద్దు, ఫోటోలు వద్దు. బయట ఎవ్వరికీ చెప్పొద్దు. గట్లయితేనే."

గ్రేస్ నోరు తెరిచేలోపే ఏసోబు లేచాడు. "సరే," అన్నాడు. చేయి చాపాడు. రిత్విక్ ఆ చేయి పట్టుకుని ఊపి, వేగంగా వెళ్ళిపోయాడు.

"ఏం జేసినవు బాపూ!" గ్రేస్ అరిచింది. "నువ్వు బావిల తోస్తుంటే ఊరంత చూసింది. ఆయన తోస్తుంటే కోళ్ళు చూడాల్నా? ఎలక్షన్ కోసం ఒప్పుకున్నడు ఆయన. ఎవ్వరు చూడకపోతే ఎల్లుండి మళ్ళ అరుగు మీద కూసుంటడు, అసలు ఏం జరగలే అంటడు!"

"అననీ."

"నన్ను అడగవా? అమ్మను అడగవా?"

ఏసోబు బండి సీటు మీద చేయి వేసి నిలబడ్డాడు. ఆ చేయిని ఈ మధ్య ఆయన అనుమానంగా చూడటం మానేశాడు. "ఆయన తోస్తుంటే నేను చూడాలె బిడ్డా. నాకు గంతే గావాలె. ఊరు చూసి ఏం జేస్తది? ఆనాడు చూసి ఏం జేసింది?"

 ఆయన లోపలికి పోయాడు. తెల్లచొక్కా తీసి, చెంబులో నిప్పులు వేసుకుని, నేల మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాడు. కాలరు దగ్గర మరీ మరీ రుద్దుతున్నాడు. ఎప్పుడో పెళ్ళికి ముందు అలా చేసుకునేవాడట, జానమ్మ చెప్పింది.

గ్రేస్ బండి మీద కూర్చుంది. ఫోన్ తీసింది. వాడ వాట్సాప్ గ్రూపులో రెండు వందల పన్నెండు మంది ఉన్నారు. వాళ్ళలో ఆనాడు బాపు బండిని బావిలోకి తోస్తుంటే గడ్డ మీద నిలబడి చూసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పిల్లలు ఉన్నారు. టైపు చేసింది: "రేపు పొద్దున ఐదింటికి శ్రీశైలం పటేల్ మా బాపును బండి మీద కూర్చోబెట్టి తోస్తాడు. అందరూ రండి." ఒక్క అక్షరం తప్పు లేదు. చదువుకుంది. మళ్ళీ చదువుకుంది.

జానమ్మ వెనకాల వచ్చి నిలబడి తనూ చదివింది. ఆమెకు చదువు నెమ్మదిగా వస్తుంది, ఒక్కో మాట పెదాలతో పలుకుతూ చదివింది. లోపల ఏసోబు ఇస్త్రీ చేస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ ఆ గొంతులో పాట వినలేదు.

"మీ బాపు మాటిచ్చిండు," అంది జానమ్మ మెల్లగా. ఆగింది. "నేను ఇయ్యలే." ఇంకొంచెం ఆగింది. "నువ్వు గూడ ఇయ్యలే."

గ్రేస్ బొటనవేలు ఆ పచ్చ బటన్ మీద ఉంది. పంపితే ఊరంతా చూస్తుంది, ఆ ముసలాయన ఇక జన్మలో అరుగెక్కడు. కానీ జనాన్ని చూసి ఆయన గుమ్మం దాటకపోతే, ఇస్త్రీ చొక్కా వేసుకుని బండి మీద కూర్చున్న బాపు కూర్చున్నట్టే ఉండిపోతాడు. పంపకపోతే బాపు ఒక్కడు చూస్తాడు, ఇంకెవరికీ తెలియదు.

ఇప్పుడు చెప్పండి, ఆ వేలు మీదైతే ఏం చేస్తారు?